పైలట్ కోచింగ్ సెంటర్‌కి 3 స్టార్లు, ఆ మూడూ ఆదివారం క్లాసుకే

పేరు రాయట్లేదు, ముందే చెప్తున్నా. మా మేనల్లుడు ఇంకా అదే ఫీల్డులో ఉన్నాడు, రేపు ఎవరితో ఏం పని పడుతుందో తెలీదు, "మామా నువ్వు రాస్తే రాసుకో గానీ పేరు మాత్రం పెట్టకు" అని ఒట్టేయించుకున్నాడు. హైదరాబాద్‌లో ఒక పైలట్ గ్రౌండ్ క్లాసుల (అంటే విమానం ఎక్కకుండా చెప్పే థియరీ పాఠాల) సెంటర్ అనుకోండి చాలు. పిల్లల్ని చేర్పిద్దాం అనుకునే తల్లిదండ్రులకి పనికొస్తుందనే రాస్తున్నా, సెంటర్ సంగతితో పాటు పైలట్ల సీనియారిటీ సంగతి కూడా రాశా కాబట్టి కొంచెం పెద్దదైంది, ఓపిక ఉంటేనే చదవండి.

నేను గవర్నమెంట్ స్కూల్లో లెక్కల సారుని. మా అక్క కొడుకు ఇంటర్ ఎంపీసీ అవ్వగానే పైలట్ అవుతా అని కూర్చున్నాడు. బావ ఎకరం అమ్మాడు. ఫ్లయింగ్ ఖర్చు వేరే, అది లక్షల్లో కాదు కోటి దగ్గర ఆగుతుంది మొత్తం కలిపితే, గ్రౌండ్ క్లాసులకే ఇక్కడ రెండు లక్షల అరవై వేలు కట్టాం. రిసెప్షన్‌లో ఒక కెప్టెన్ టోపీ పెట్టి ఉంటుంది, చేరిన రోజు పిల్లాడి నెత్తిన పెట్టి ఫోటో తీస్తారు, ఆ ఫోటో మా అక్క వాట్సాప్ డీపీగా రెండేళ్ళు ఉంది. లిఫ్ట్ ఉంది గానీ నేను వెళ్ళిన ప్రతిసారీ దాని మీద రిపేర్ అని కాగితమే ఉంది. ఏసీ బానే పనిచేస్తుంది. కింద ఇరానీ చాయ్ బాగుంటుంది, అది సెంటర్ వాళ్ళది కాదు కాబట్టి దానికి స్టార్లు ఇవ్వట్లేదు.

పాఠాల సంగతికొస్తే నావిగేషన్ చెప్పే సారు బంగారం, రెగ్యులేషన్స్ మేడం కూడా పర్లేదు, మెటియరాలజీ, అంటే వాతావరణం, చెప్పే ఆయన మాత్రం స్లైడ్ చదివి వెళ్ళిపోతాడు. పైలట్ లైసెన్సులు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ, వాళ్ళ పేపర్లలో పాసవ్వాలంటే 70 రావాలి, 69 వస్తే ఫెయిలే, మా స్కూల్లోలా అటూ ఇటూ చూసి కలపడాలు ఉండవు. సీఆర్‌పీ-5 అని చేత్తో తిప్పే గుండ్రటి ప్లాస్టిక్ కంప్యూటర్ ఒకటి ఉంటుంది, గాలి ఎటు నించి ఎంత స్పీడులో వస్తే విమానం ముక్కు ఎటు తిప్పాలో దాని మీద పెన్సిల్ చుక్క పెట్టి చూసుకోవాలి. అది కొత్తదే అని కొత్త రేటుకి అమ్మారు. ఇంటికొచ్చి కవర్ తీస్తే లోపల ఎవరిదో పాత పెన్సిల్ చుక్క, పక్కనే సన్నగా 240 అని రాసుంది. అడిగితే "డెమో పీస్ సార్" అన్నారు. సరే, అది చిన్న విషయం.

పెద్ద విషయం కంప్యూటర్ నంబర్. తెలీని వాళ్ళకి చెప్తున్నా, డీజీసీఏ పరీక్షలు రాయాలంటే ముందు వాళ్ళ దగ్గర కంప్యూటర్ నంబర్ తీసుకోవాలి, దానికి మీ టెన్త్, ఇంటర్ మెమోలు నిజమైనవేనని బోర్డు నించి వెరిఫికేషన్ కావాలి. "మేం చూసుకుంటాం, మీరు నిశ్చింతగా ఉండండి" అని ప్రాసెసింగ్ పేరుతో విడిగా డబ్బులు తీసుకుని ఆ ఫైలు డ్రాయర్లో పడేశారు. రెండు నెలలయ్యాక నేనే అనుమానం వచ్చి అడిగితే అసలు బోర్డుకి అప్లికేషనే వెళ్ళలేదు. స్కూలుకి సీఎల్ పెట్టి నాంపల్లి వెళ్ళి ఇంటర్ బోర్డులో నేనే పెట్టుకొచ్చా, బోర్డు వాళ్ళు నిజానికి బానే చేసిచ్చారు. కానీ అప్పటికే ఒక పరీక్షల సెషన్ పోయింది. మా వాడితో పాటే చేరిన ఇంకో కుర్రాడు, వాళ్ళ నాన్న సెంటర్ని నమ్మకుండా మొదటి వారమే సొంతంగా చేయించుకున్నాడు, వాడు ఆ సెషన్లోనే రాసేశాడు. పరీక్ష లేటు, దాని వల్ల ఫ్లయింగ్ స్కూల్లో సీటు లేటు, అక్కడ వానాకాలం తగిలి లైసెన్సుకి కావాల్సిన 200 గంటల ఫ్లయింగ్ పూర్తవడం లేటు, చివరికి ఇద్దరూ ఒకే విమాన కంపెనీలో చేరారు గానీ మా వాడు ఐదు నెలలు వెనక.

ఐదు నెలలే కదా అనుకున్నా నేను కూడా. సెంటర్ వాళ్ళు సారీ కూడా చెప్పలేదు, "జాబ్ వచ్చింది కదా సార్" అన్నారు.

ఆ ఐదు నెలల్లో ఆ కంపెనీలో రెండు పెద్ద బ్యాచ్‌లు చేరాయి. పైలట్లకి చేరిన తేదీ వరసలో ఒక సీనియారిటీ లిస్టు ఉంటుంది, బేసైనా సెలవైనా కెప్టెన్ వంతైనా ఆ లిస్టులో నంబర్ ప్రకారమే. ఆ లిస్టులో మా వాడికీ వాడి ఫ్రెండుకీ మధ్య మూడొందల మంది పైచిలుకు. ఫ్రెండుకి హైదరాబాద్ బేస్ వచ్చింది, అంటే డ్యూటీ ఎక్కేది దిగేది అక్కడే, రాత్రి ఇంటికొచ్చి అమ్మ చేతి అన్నం తింటున్నాడు. మా వాడు ఢిల్లీలో ఇద్దరితో కలిసి రూములో ఉంటున్నాడు, తెల్లారుజామున మూడింటికి పికప్. పండగ సెలవు అడిగితే పైనున్న వాళ్ళందరూ తీసుకున్నాక మిగిలినవి వీడికి. నావిగేషన్లో మార్కులు మా వాడికే ఎక్కువ. ఆ మార్కులు ఎక్కడా అడగరు. అడిగేది ఒకటే, జాయినింగ్ డేట్.

ఈ సంగతి రంగుల బ్రోచర్లో ఎక్కడైనా ఉందా అంటే లేదు. నాలుగేళ్ళలో కెప్టెన్ అని పెద్ద అక్షరాలు, పక్కన కళ్ళద్దాలు పెట్టుకున్న మోడల్. సీనియారిటీ అనే మాట వెతికి చూశా, లేదు.

ఇప్పుడు ఆదివారం క్లాసు దగ్గరికి వస్తా, ఎందుకంటే రెండు స్టార్లు కోసిన చోటే మూడు ఇవ్వాల్సి వచ్చింది కూడా దీని వల్లే. నెలకోసారి ఆదివారం పొద్దున రిటైరైన ఒక కెప్టెన్ గారు వచ్చి పిల్లలతో రెండు గంటలు మాట్లాడతారు. ఫీజులో ఇది కలిసే ఉంటుంది, పేరెంట్స్ కూడా కూర్చోవచ్చు, కానీ ఎవరూ చెప్పరు. మా వాడు ఉద్యోగంలో చేరిపోయాక, ప్రాసెసింగ్ డబ్బులు వెనక్కి ఇమ్మని గొడవ పెట్టుకోవడానికి వెళ్ళిన రోజు పొరపాటున నేను ఆ రూములో కూర్చున్నా. డబ్బులు రాలేదు గానీ క్లాసు విన్నా.

ఆయన బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి పైన 1, కింద 1200 అని రాశారు. "నువ్వు ఇవాళ చేరావు, నీ నంబర్ 1200. నీ ల్యాండింగ్ ఆయిల్ వేసినట్టు ఉంటుంది, 900 నంబర్ వాడిది గోతిలో ఆటో పడ్డట్టు ఉంటుంది. ముందు కెప్టెన్ ఎవరవుతారు?" అని అడిగారు. ముందు వరసలో ఒకమ్మాయి "నేనే" అంది. "కాదమ్మా, వాడే" అన్నారు. రూమంతా గప్‌చుప్. తర్వాత లెక్క చెప్పారు, లెక్కల సారుని కాబట్టి నాకిది బాగా ఎక్కింది. నీకు కెప్టెన్ వంతు రావాలంటే పైవాళ్ళు 65 నిండి రిటైరవ్వాలి, లేదా కంపెనీ కొత్త విమానాలు కొనాలి, లేదా పైవాడు మానేసి పోవాలి, ఇంకో దారి లేదు. ఒక విమానం వస్తే దాన్ని రోజంతా తిప్పడానికి పది పన్నెండు మంది పైలట్లు కావాలి, అందులో సగం కెప్టెన్లు, అంటే పది విమానాలొస్తే యాభై అరవై మందికి ఎడమ సీటు, అదే కెప్టెన్ సీటు. కంపెనీ విమానాలు కొనడం ఆపేస్తే నువ్వెంత గొప్పగా నడిపినా కోపైలట్ కూర్చునే కుడి సీట్లోనే తల నెరుస్తుంది. అమెరికాలో 2007 డిసెంబరులో రిటైర్మెంట్ 60 నించి 65 చేశారట, పైన దిగాల్సిన వాళ్ళు దిగలేదు, కింద వాళ్ళు ఎక్కడి వాళ్ళక్కడే ఐదేళ్ళు. నాకు నవ్వొచ్చింది, మాకు 2021లో 58 నించి 61 చేసినప్పుడు ప్రమోషన్ కోసం చూస్తున్న మా స్టాఫ్ రూమ్ మొహాలు గుర్తొచ్చి.

సీనియారిటీ అంటే నాకు కొత్తేం కాదు మరి. ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకి సర్దిన జీవో 317 దెబ్బ తిన్నవాణ్ణి నేను. ఇల్లు నల్గొండలో, సీనియారిటీ లిస్టులో కింద ఉన్నానని నన్ను సూర్యాపేట జిల్లాకి వేశారు, రోజూ బస్సే. నా కంటే బాగా చెప్పేవాడు లిస్టులో పైనున్నాడా, చెప్పనివాడు పైనున్నాడా అని ఎవడూ చూడలేదు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ మా డిపార్ట్‌మెంట్‌లో కొమ్ములెంత వాడైనా వరస చెవులదే. అందుకే సీనియారిటీ అంటే నాకు ఒళ్ళుమంట, ఆ మంటతోనే చెయ్యెత్తి అడిగా: సార్, మనుషుల ప్రాణాలతో పని, మంచి పైలట్‌కి ముందు సీటు ఇవ్వాలి గానీ ముందొచ్చిన వాడికి ఇవ్వడమేంటి, ఇదేమన్నా రేషన్ షాపా?

ఆయన కోప్పడలేదు. "మంచి పైలట్ అని ఎలా కొలుస్తారు సార్ మీరు?" అని తిరిగి అడిగారు. మీ స్కూల్లో రిజల్ట్ ఉంటుంది, సేల్స్ వాడికి టార్గెట్ ఉంటుంది, పైలట్ బాగా పనిచేశాడంటే ఏమీ జరగలేదని అర్థం, ఏమీ జరగకపోవడానికి మార్కులెలా వేస్తారు. పోనీ మేనేజర్ వేస్తాడనుకోండి, దేనికి వేస్తాడు? ఆయిల్ తక్కువ తగలేసిన వాడికి, టైముకి దింపిన వాడికి, డ్యూటీ పొడిగిస్తే సరే అన్నవాడికి. వాతావరణం బాలేదని దిగకుండా వేరే ఊరికి తీసుకెళ్ళిన వాడికి, "ఒళ్ళు సహకరించట్లేదు, ఇవాళ నడపను" అన్నవాడికి ఎన్ని మార్కులు వేస్తాడు? వాడి నంబర్‌ని ఎవరూ కదపలేరు కాబట్టే వాడు కాదు అనగలుగుతున్నాడు. లిస్టు వల్ల ఛాన్స్ వస్తుంది గానీ సీటు రాదు, నీ వంతు వచ్చాక సిమ్యులేటర్లో ఇంజన్ ఆపేసి మరీ చూస్తారు, ఫెయిలైతే మళ్ళీ కుడి సీటే. ఇది నేనెప్పుడూ ఆలోచించని పాయింటు, ఒప్పుకుంటున్నా.

మంగళూరు సంగతి కూడా చెప్పారు. 2010 మే 22, దుబాయ్ నించి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం గుట్ట మీది రన్‌వే దాటి లోయలో పడింది, 158 మంది పోయారు, 8 మంది బతికారు. కోపైలట్ దిగొద్దు, మళ్ళీ లేపుదాం అని మూడుసార్లు చెప్పాడని ఎంక్వైరీలో తేలింది, కెప్టెన్ వినలేదు. నేను వెంటనే "చూశారా సీనియారిటీ ఏం చేసిందో" అన్నా. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ కెప్టెన్ విదేశీయుడు, మన దగ్గర కెప్టెన్లు సరిపోక బయటి నించి తెచ్చుకున్న వాళ్ళలో ఒకాయన, కింద నించి మెట్టు మెట్టు ఎక్కొచ్చిన మనిషి కాదు. లిస్టులో పైనుండటం వేరు, కాక్‌పిట్‌లో పక్కవాడి మాట వినకపోవడం వేరు, రెండూ కలిపేసి మాట్లాడొద్దని పిల్లలకి గట్టిగా చెప్పారు. ఆ రెంటినీ కలిపేసిన పిల్లాణ్ణి నేనే, యాభై ఏళ్ళ పిల్లాణ్ణి.

అయితే ఆయనా లిస్టుని నెత్తిన పెట్టుకోలేదు. దాంట్లో బొక్క ఎక్కడుందో కూడా ఆయనే చూపించారు. నీ లాగ్‌బుక్కులో రాసుకున్న, నువ్వు నడిపిన గంటలు నీవి, నంబర్ మాత్రం కంపెనీది. కంపెనీ మారితే నంబర్ అక్కడే వదిలేసి పోవాలి, కొత్త చోట మళ్ళీ అట్టడుగు నించి. మాకూ అంతే, సొంత కోరిక మీద వేరే జిల్లాకి ట్రాన్స్‌ఫర్ తీసుకుంటే ఇరవై ఏళ్ళ సర్వీసైనా అక్కడ లాస్ట్ ర్యాంకే, భార్యాభర్తలు ఒకచోట ఉందామని మారి అలా కింద పడిపోయిన వాళ్ళు నా ఫ్రెండ్సే ఉన్నారు. 2009 జనవరిలో న్యూయార్క్ హడ్సన్ నదిలో విమానం దింపి 155 మందినీ బతికించిన సల్లెన్‌బర్గర్ గుర్తున్నాడా, ఆయన ఆ మరుసటి నెలే అమెరికా పార్లమెంటుకెళ్ళి తన జీతం 40 శాతం కోసేశారని, పెన్షన్ పోయిందని చెప్పాడు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన పైలట్, వేరే కంపెనీకి పోతే మళ్ళీ కొత్తగా చేరిన కోపైలటే. జీతం కోసినా కదల్లేడని కంపెనీకి తెలుసు. మన దగ్గర దానికి తోడు 2017లో డీజీసీఏ నోటీసు పీరియడ్ కెప్టెన్లకి ఏడాది, కోపైలట్లకి ఆరు నెలలు చేసింది. ఇంక కంపెనీయే మూతపడితే? కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019 ఏప్రిల్ 17న, గోఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. నిన్నటిదాకా లిస్టులో యాభయ్యో నంబర్, పొద్దున్నే లిస్టే లేదు.

రెండు కంపెనీలు కలిస్తే అదో రామాయణం. దీనికి ఆయన చెప్పిన ఉదాహరణ మా స్టాఫ్ రూములో ఇప్పటికీ చెప్తుంటా. తిరుమలలో రెండు కంపార్ట్‌మెంట్లకి ఒకేసారి తలుపులు తీసి ఒకే లైన్లోకి కలిపారనుకోండి. ఒకదాంట్లో జనం పొద్దుట నించి ఉన్నారు గానీ ఆ లైను కదలట్లేదు. ఇంకోదాంట్లోకి మధ్యాహ్నమే వచ్చారు గానీ అది సర్రున కదులుతోంది, వాళ్ళు తలుపు దగ్గరే ఉన్నారు. ఎవరు ముందు? ఎప్పుడొచ్చావన్నది చూడాలా, నీ కంపార్ట్‌మెంట్లో ఎక్కడున్నావన్నది చూడాలా? అమెరికాలో 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిసినప్పుడు ఇదే పంచాయితీ, 2007లో నికోలావ్ అనే మధ్యవర్తి తీర్పిచ్చాడు, దాంట్లో ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు, ఎన్నో ఏళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళు కూడా, అవతలి కంపెనీలో నిన్నగాక మొన్న చేరినవాడి కింద పడ్డారు. వాళ్ళు తీర్పు ఒప్పుకోలేదు, యూనియన్నే మార్చేశారు, ఏళ్ళ తరబడి కోర్టులు. మన ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ని 2007లో కలిపారు, పేరుకి కలిపారు గానీ పైలట్లు కలవలేదు, 2012లో డ్రీమ్‌లైనర్ అనే కొత్త పెద్ద విమానం ట్రైనింగ్ ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళకి కూడా ఇస్తారా అని పాత ఎయిరిండియా పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. విమానం ఇంకా ఇండియాకే రాలేదు అప్పటికి! అప్పుడు మీరు ఏ పక్కన సార్ అని ఒక కుర్రాడు అడిగితే ఆయన నవ్వి మార్కర్‌కి మూత పెట్టేశారు. 2024 నవంబరులో విస్తారా ఎయిరిండియాలో కలిసింది కదా, అప్పుడు కూడా పైలట్లు లోపల లోపల మాట్లాడుకున్నది దీని గురించే అని మా వాడు అన్నాడు.

ఇక నా లెక్క నేను చెప్తా, ఒప్పుకునే వాళ్ళు ఒప్పుకోండి. బేసు, సెలవులు, ఏ ఫ్లయిట్ ఎవరికి అన్నవాటికి లిస్టుని మించింది లేదు, అది లేకపోతే రోస్టర్ (డ్యూటీల పట్టీ) చేసేవాడికి దీపావళికి స్వీట్ బాక్సులు పంపిన వాడిదే రాజ్యం. కెప్టెన్ సీటుకి కూడా వంతు లిస్టు ప్రకారమే రానీ, కానీ పరీక్ష మొహమాటం లేకుండా ఉండాలి, ఫెయిలైన వాడి వయసు చూడకూడదు. నాకు నచ్చంది ఒక్కటే, ఆ నంబర్ కంపెనీతోనే చచ్చిపోవడం. దేశం మొత్తానికి ఒకే లిస్టు పెట్టాలన్న మాట అమెరికాలో ఎప్పటి నించో ఉందట, జరగలేదు. కంపెనీలకి ఇష్టం ఉండదు, పైనున్న పైలట్లకీ ఇష్టం ఉండదు, బయటి నించి పెద్ద నంబర్ వాడు తమ పైన వచ్చి కూర్చుంటాడు కదా. కనీసం కంపెనీ మూతపడి రోడ్డున పడ్డవాడికైనా కొత్త చోట కొంత సర్వీసు కలపొచ్చు కదా అంటాన్నేను. మా వాడు వినడు. "మామా, నా మీద ఎవడైనా అలా వచ్చి పడితే నువ్వే ఫస్ట్ తిడతావ్" అన్నాడు. నిజమే, తిడతా.

వాడు ఈసారి దసరాకి రాలేదు, సెలవు దొరకలేదు, దసరా అయిన పది రోజులకి వచ్చాడు. మా అక్క జమ్మి ఆకు దాచిపెట్టింది, అప్పటికి ఎండి గలగలమంటోంది, అదే నా చేతిలో పెట్టి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఆ హైదరాబాద్ బేస్ ఫ్రెండు మీద కోపం లేదారా అంటే, "వాడేం చేశాడు మామా, వాళ్ళ నాన్న ఫైలు టైముకి పెట్టాడు" అన్నాడు. తర్వాత నంబర్ ఎంతైంది అంటే ఫోన్ తీసి చూపించాడు, పోయిన ఏడాది కంటే నూట పది పైకొచ్చింది, ఇంటర్ రిజల్ట్ చూపించినప్పుడు పెట్టిన మొహమే పెట్టాడు.

కాబట్టి సెంటర్‌కి 3 స్టార్లు. ఒక స్టార్ ప్రాసెసింగ్ పేరుతో డబ్బు తీసుకుని ఫైలు డ్రాయర్లో పెట్టినందుకు కోశా, ఇంకోటి ఈ సీనియారిటీ సంగతి చేరే రోజే చెప్పనందుకు, ప్లాస్టిక్ చక్రానికి కొయ్యాలంటే ఇంకేం మిగలవు. చేర్పించే వాళ్ళు కంప్యూటర్ నంబర్ పని మొదటి వారమే మీరే సొంతంగా పెట్టుకోండి, ఆ డబ్బులు వాళ్ళకి ఇవ్వకండి, ఎవరన్నా "నెలే కదా" అంటే ఆ నెలలో ఎంతమంది జాయినవుతారో అడగండి. కెప్టెన్ గారి క్లాసు నెలలో రెండో ఆదివారం పదింటికి. రిసెప్షన్ అమ్మాయి పేరెంట్స్‌కి సీట్లు ఫుల్ అంటుంది, నమ్మొద్దు, వెనక వరస ఎప్పుడూ ఖాళీయే, లిఫ్ట్ కోసం మాత్రం చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోండి.